షాఫ్టు మీద గీత

ఎల్లారెడ్డి ఊళ్ళో వడ్లు పట్టే బియ్యం గిర్నిలో ఇంజను సీలును నేను ఒంటిచేత్తో, అదీ ఎడమచేత్తో పట్టి లాగితే సీసా మూత ఊడినట్టు ఊడి వచ్చిందని ఇప్పటికి ఎంతమందికి చెప్పానో గుర్తు లేదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, రైల్లో చెప్పాను, మంగలి ముందు తల వంచి కూర్చుని కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంజను పెరుగుతూ వచ్చింది. మొదట్లో మనిషి నడుమెత్తు ఉండేది. ఈ మధ్య చెప్పినప్పుడు దాని చక్రం గిర్ని కప్పును తాకింది.

ఇంజను నడుమెత్తే. సీలు ఎడమచేత్తో రాలేదు, కుడిచేత్తోనూ రాలేదు. అది ఎట్లా వచ్చిందో రాయాలంటే ఒక మనిషి సంగతి రాయక తప్పదు. ఇన్నేళ్ళూ ఆ మనిషిని తప్పించి కథ చెప్పడానికే నాకు ఎడమచెయ్యీ సీసా మూతా అవసరమయ్యాయి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది కమ్మరి ఇల్లు. కామారెడ్డి స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో ఒక ఉస్తాద్ దగ్గర ఏడేళ్ళుగా పని చేస్తున్నాను. చుట్టుపక్కల గిర్నులకు, బావుల మీది పంపులకు డీజిలు ఇంజన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. ఇంజను ఆగిపోతే ఉస్తాద్ కోసం బండి కట్టుకుని వచ్చేవారు. చప్పుడు వింటే చాలు, ఇంజను రోగం చెప్పేస్తాడని నాకు కూడా ఒక పేరుండేది. ఆ పేరు ఊళ్ళో ప్రచారం చేసింది నేనే.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. ఆయనకే కాదు, ఆ రోజుల్లో మా వైపు మిస్త్రీలందరికీ ఉండేది. ఇంజను విప్పే ముందు చుట్టూ తాళ్ళు కట్టి, వాటి మీద గోనెపట్టాలు వేలాడదీసేవారు. గోనెల లోపల మిస్త్రీ ఉంటాడు. బయట యజమాని, ఇంజను నడిపేవాడు, వేడుక చూడవచ్చిన ఊరివాళ్ళు ఉంటారు. లోపలికి మంచినీళ్ళ చెంబు రావచ్చు, కన్ను రాకూడదు. "చూసినోడు రేపు మనల్ని పిలుస్తడా బేటా?" అనేవాడు ఉస్తాద్. గిర్నివాళ్ళకూ అది మామూలే. మిస్త్రీ వస్తున్నాడంటే ఖాళీ గోనెలు ముందే తీసి పెట్టేవారు. గోనె కట్టకుండా పని చేసేవాణ్ణి ఏం తెలుస్తుందిలే అని చిన్నచూపు చూసేవారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, వరి కోతలై వడ్లు గిర్నులకు వస్తున్న రోజుల్లో, ఎల్లారెడ్డి గిర్ని సేటు దగ్గరనుంచి కబురు వచ్చింది. ఇంజను నూనె కారుతోంది, తొందరగా రావాలి. ఉస్తాద్ నడుము పట్టేసి మంచం మీద ఉన్నాడు. "నాకంటే నీ చెయ్యే మంచిది, నువ్వే పో" అని ఆయన నన్ను పంపాడని చెప్పుకునేవాణ్ణి. ఆయన నిజంగా అన్న మాటలు ఇవి.

"సీలు ఎండి పట్టుకోని ఉంటది. ఉలి ముట్టకు. షాఫ్టుకు ఇత్తడి రేకు చుట్టు. సీలు గిన్నెకు బర్మాతోని రెండు చిన్న బెజ్జాలు ఎయ్యి, ఎదురెదురుగ. రెండు మరలు బిగించి ఒకపారి ఇటు, ఒకపారి అటు మెల్లగ గుంజు. రెండు దినాలు పట్టనియ్యి. సమజైందా?"

"అయింది ఉస్తాద్."

"ఏమయింది? చెప్పు."

"రెండు బెజ్జాలు, రెండు మరలు, రెండు దినాలు."

"ఉలి?"

"ముట్ట."

సీలంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఇంజను లోపల తిరిగే షాఫ్టు పెద్ద చక్రం కోసం బయటికి వస్తుంది. అది బయటికి వచ్చే చోట నూనె దాని వెంట రాకుండా ఆపేదే సీలు. ఇప్పుడు రబ్బరువి వస్తున్నాయి. అప్పుడు లోతు లేని ఇనుప గిన్నె, దానికి లోపలా బయటా తోలు. లోపలి తోలు అంచు షాఫ్టును ఆనుకుని ఉంటుంది. షాఫ్టు అద్దంలా ఉన్నంతసేపే దాని ఆట. షాఫ్టు మీద వెంట్రుకంత గీత పడినా నూనె ఆ గీతలోంచి దారి చేసుకుని బయటికి వస్తుంది. ఎన్ని కొత్త సీళ్ళు వేసినా అంతే.

గిర్నికి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. వాకిట్లో వడ్ల బండ్లు. ఎడ్లు విప్పి, బండ్ల కింద నీడన మనుషులు పడుకుని ఉన్నారు. సేటు ఎదురొచ్చాడు.

"చూసినవు గద మిస్త్రీ, బండ్లు ఎట్ల నిలబడ్డయో. ఎన్ని దినాలు పడుతది?"

రెండు దినాలు అనవలసింది. బండ్ల కింద పడుకున్న వాళ్ళంతా లేచి నా వైపు చూస్తున్నారు. ఉస్తాద్ లేకుండా నేనొక్కణ్ణే వచ్చిన మొదటి పని. "దినాలెందుకు సేటూ, పొద్దుమీకేటాలకు తిప్పుత" అని సాయంత్రానికే మాట ఇచ్చేశాను.

"రెండు దినాలన్న పడుతది. సీలు బాగ బిర్రుగున్నది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆయనే గిర్నిలో ఇంజను నడిపే మనిషి. తాడ్వాయివాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వాళ్ళ తాతలు మోట కొట్టే తోలు బొక్కెనలు కుట్టేవారు. తండ్రి కాలంలో వాళ్ళ వాడంతా క్రీస్తు మతంలో కలిసింది. ఎల్లారెడ్డిలో గిర్ని పెట్టినప్పుడు మూటలు మోయడానికి వచ్చి, చూసి చూసి ఇంజను నడపడం నేర్చుకున్నాడు. ఇంజను గది తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఆ వాడ నుంచి తాళంచెవి పట్టుకుని నెల జీతం మీద బతికే మనిషి ఆయనొక్కడే. ఆ గదిలోకి చెప్పులతో సేటును కూడా రానిచ్చేవాడు కాదు. అంతటి ఊక దుమ్ములోనూ ఇంజను మీద చెయ్యి వేస్తే చేతికి ఏమీ అంటేది కాదు.

ఆయన్ని నేను అన్నా అనవలసింది. అరే అన్నాను. ఆ రోజులు అట్లాంటివని సర్దుకోవచ్చు గాని, అవే రోజుల్లో మా ఉస్తాద్ ఆయన్ని భాయ్ అనేవాడు.

చక్రం విప్పడానికే పగలు సగం పోయింది. దాన్ని నేనొక్కణ్ణే భుజం మీద మోసుకొచ్చి గోడకు ఆనించానని ఒకసారి ఎక్కడో చెప్పాను. మూటలు మోసేవాళ్ళు నలుగురు గడ్డపారలు వేసి జరిపారు. నేను పక్కన నిలబడి అరిచాను. చక్రం తీశాక సీలు కనబడింది. నల్లగా, ఎండి, గూటిలో పాతుకుపోయి ఉంది.

ఇంజను నడిపే ఆయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మిస్త్రీ, ఒక మాట చెప్త. బయటి అంచుకున్నది గూడ తోలే. ఎండిన తోలును కొట్టినకొద్ది ఇంక పట్టుకుంటది. ఆముదం ఎచ్చగ జేసి పోద్దాం. రేపు పొద్దుగాలకు మెత్తబడి అదే ఇడుస్తది."

"తోలు సంగతి నీకు ఎరుకైతే ఇనుము సంగతి నాకు ఎరుక. నువ్వు బయటుండరా."

"నేను గూడ తోలు సంగతే చెప్తున్న మిస్త్రీ. అది తోలే గద."

మూటలు మోసేవాళ్ళు నవ్వారు. నవ్వు ఎవరి మీదో నాకు అర్థమైంది. లేచి గోనెలు కట్టించాను. సందు లేకుండా నాలుగు దిక్కులా బిగించి కట్టించాను.

గోనెల లోపల నేనేం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముందు ఉస్తాద్ చెప్పినట్టే బర్మా తిప్పి బెజ్జాలు వేయడం మొదలుపెట్టాను. ఒక బెజ్జం పడింది. రెండోది వేస్తుంటే బర్మా ముల్లు పుటుక్కున విరిగింది. ఇంకో ముల్లు కామారెడ్డిలో ఉంది. ఒక్క బెజ్జంలో ఒక్క మర బిగించి గుంజితే ఏమవుతుంది? సీలు ఒక పక్కన లేచింది, రెండో పక్కన ఇంకా లోపలికి కూరుకుపోయింది. ఇందాక బిర్రుగా మాత్రమే ఉన్నది ఇప్పుడు వంకరగా కూడా కూర్చుంది. నా చెమట దాని మీద పడుతోంది. బయట సేటు ఎవరితోనో, "ఆగం గాకుండ్రి, పొద్దుమీకేటాలకు తిప్పుతనన్నడు" అని చెబుతున్నాడు.

అప్పుడైనా గోనె పైకెత్తి, "ముల్లు ఇరిగింది, ఆముదం తే" అంటే సరిపోయేది. ఆ మాట అనాల్సింది ఆయనతో.

ఉలి నా సంచిలో ఉంది. ఉస్తాద్ వద్దన్నాక కూడా దాన్ని తీసి పక్కన పెట్టలేదు. ఇత్తడి రేకు కూడా ఉంది, కాని రేకు చుడితే షాఫ్టుకూ సీలుకూ మధ్య ఉలి దూరదు. రేకు చుట్టలేదు. ఉలి మొన దూర్చి సుత్తెతో ఒక దెబ్బ వేశాను. రెండో దెబ్బ వేశాను. మూడో దెబ్బకు సీలు పెళ్ళున విరిగింది, ఉలి జారింది. కీచుమని ఒక చప్పుడు. పెద్దదేం కాదు, పలక మీద బలపం గీరినట్టు.

విరిగిన సీలు ముక్కలు వేళ్ళతో లాగి తీశాను. తర్వాత షాఫ్టు మీద గోరు పెట్టి నడిపాను. గోరు ఒక చోట ఆగింది. అంగుళం పొడుగు గీత, షాఫ్టు పొడుగునా, సరిగ్గా కొత్త తోలు కూర్చునే చోట.

"వచ్చిందా మిస్త్రీ?" అన్నాడు సేటు బయటినుంచి.

"వచ్చింది!" అని అరిచాను. బయట జనం కూడా అరిచారు. ఎవరో ఈల వేశారు. గోరు ఇంకా ఆ గీత మీదే ఉంది, అయినా ఆ ఈల వినడానికి బాగుంది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకప్పటిదాకా తెలియదు.

ఇసుక కాగితంతో రుద్దాను. గీత మెరిసిందే గాని పోలేదు. అందులోకి మైనం, దాని మీద తెల్లటి సఫేదా ముద్ద పట్టించాను. తెచ్చిన కొత్త సీలు ఎక్కించాను. ఉస్తాద్ గోనెలు కట్టించేది ఆయన పనితనం ఎవరూ ఎత్తుకుపోకుండా. నేను వాటి వెనక మైనం పూసుకుంటూ కూర్చున్నాను.

పొద్దు ఇంకా గుంకలేదు, ఇంజను తిరిగింది. సేటు కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ నా తలకు జరీ అంచు రుమాలు చుట్టాడు. బండ్లవాళ్ళు నన్ను పైకెత్తారని చెప్పేవాణ్ణి. ఎత్తలేదు. వాళ్ళు వడ్లు దింపుకునే తొందరలో ఉన్నారు. ఇంజను నడిపే ఆయన మాత్రం షాఫ్టు దగ్గర వంగి కాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఉలి చప్పుడు ఇనబడ్డది మిస్త్రీ" అన్నాడు మెల్లగా.

"గిన్నె మీద కొట్టిన."

"ఆఁ" అని తాళంచెవి మొలలోకి దోపుకుని పోయాడు.

కామారెడ్డికి వచ్చాక ఉస్తాద్, "రేకు చుట్టినవా?" అని అడిగాడు. "చుట్టిన" అన్నాను. రుమాలు చూసి సంతోషపడ్డాడు.

మైనం ఎంతకాలం ఆగుతుంది? రెండు నెలలు తిరగకముందే సేటు మనిషి మళ్ళీ వచ్చాడు. ఇంజను బాగానే నడుస్తోందట. నూనె మాత్రం పోస్తే పోసినట్టు మాయమవుతోందట. యుద్ధం వల్ల నూనె దొరకడమే గగనమైన రోజులు. ఎవరైనా బయటికి మోసుకుపోతున్నారా, నిజంగానే కారుతోందా, మిస్త్రీ వచ్చి చూసి చెప్పాలి. ఉస్తాద్ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. మళ్ళీ నేనే వెళ్ళాను.

ఇంజను గదిలో సేటు, నేను, ఆయన. తలుపు దగ్గర గిర్ని మనుషులు. ఆయన ముఖం నిద్రలేనట్టుంది.

"సేటూ, నేను మొదటికెళ్ళి ఒక్కటే మాట చెప్తున్న" అన్నాడు. "నూనె సీలు కాడ కారుతుంది. చక్రం గుంట చూడుండ్రి."

చక్రం సగం నేలలో తవ్విన గుంటలో తిరుగుతుంది. గిర్నిలో ఎగిరే ఊకంతా వచ్చి ఆ గుంటలో పడుతుంది. షాఫ్టు నుంచి కారిన నూనె ఆ ఊకలో ఇంకిపోతోంది. అందుకే నేల మీద మడుగు లేదు. ఆయన గుంటలో చెయ్యి పెట్టి పిడికెడు ఊక తీసి సేటుకు చూపించాడు. నల్లగా ముద్దలా ఉంది.

"ఇది ఏంది సేటూ? నేను తాగిన్నా నూనె?"

సేటు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మిస్త్రీ. సీలు కారుతుందా?"

ఇంజను ఆపించి, వంగి చూశాను. సీలు అంచు కింద, గీత ఉన్న చోట, నూనె చుక్క ఊరుతోంది. నేను చూస్తుండగానే నిండి, రాలబోయింది. నా బొటనవేలితో తుడిచేశాను.

"కొత్త సీలు సేటూ. కారదు. ఊక నలుపు పాత నూనెది" అన్నాను.

ఆయన నా చేతి వైపు చూశాడు.

"నీ ఏలుకు అంటింది ఏంది మిస్త్రీ?"

"గిరీసు."

ధోవతికి తుడుచుకున్నాను. సేటు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యి. ఠాణాకు తోలుతలేనని సంతోషపడు. ఇన్నేండ్లు చేసినవని ఇడిసిపెడుతున్న."

ఆయన మొలతాడుకున్న ముడి విప్పబోయాడు. ఎన్నేళ్ళుగానో బిగుసుకుపోయిన ముడి అది, రాలేదు. కాసేపు చూసి తలెత్తాడు. "నీ సంచిల ఉలి ఉంటది గద మిస్త్రీ. జర కొయ్యి."

కోశాను. నా చేత్తోనే కోశాను. తాళంచెవి సేటు చేతిలో పడింది. ఆయన వాకిలి దాటి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని తాడ్వాయి వైపు నడిచిపోయాడు.

ఇంతటితో ఆగినా కొంత నయంగా ఉండేది. ఆయన పోయాక, "ఎందుకైనా మంచిది, ఇంకొకపారి సవరిస్త" అని సేటుతో చెప్పి గోనెలు కట్టించాను. సీలు ఊడదీసి, గూటిలో వెడల్పాటి రేకు ఉంగరం ఒకటి వేసి, సీలును బయటికి జరిపి కూర్చోబెట్టాను. ఇప్పుడు తోలు అంచు గీత దాటి, నున్నటి చోట ఆనుకుంది. తెలిసిన మిస్త్రీ ఎవడైనా చేసే పనే అది. మొదటి రోజే చేసి ఉండవచ్చు. అప్పుడు చెయ్యడానికి గీత ఉందని ఒప్పుకోవాలి, ఇంకో దినం కావాలని అడగాలి.

నూనె కారడం ఆగిపోయింది. నెల తర్వాత సేటు కామారెడ్డిలో కనబడి నా భుజం తట్టాడు. "చూసినవా మిస్త్రీ? దొంగ పోయిండు, నూనె ఆగింది." అక్కడున్న వాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు. ఎల్లారెడ్డి అంగడిలో చెప్పాడు. ఆ అంగడికి తాడ్వాయి వాళ్ళు వస్తారు. నేను చేసిన బాగే ఆయన దొంగ అనడానికి రుజువైంది.

ఆ తర్వాత మోటారు బస్సులో ఎల్లారెడ్డికి పోవలసి వచ్చినప్పుడల్లా దారిలో తాడ్వాయి ఇళ్ళు కనబడని పక్కన కూర్చునేవాణ్ణి. అట్లా ఏడాదికి పైగా గడిచింది. ఉస్తాద్ నడుము బాగై, ఒకసారి ఆ గిర్నికి ఇంజను విప్పి కడగడానికి తానే వెళ్ళాడు. తిరిగి వచ్చి షెడ్డులో బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి రేకు ఉంగరం తీసి నా ముందు పెట్టాడు.

"ఇది ఎందుకేసినవు?"

నేను చేతిలోని పానాను తుడుస్తూ ఉండిపోయాను.

"గీత చూసిన. ఉలి గీత. మరి నూనె దొంగ ఎవరు బేటా?"

అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. ఆయన నన్ను కొట్టి షెడ్డులోంచి వెళ్ళగొట్టాడని, నేను ఆయన కాళ్ళు పట్టుకున్నానని కూడా చెప్పానొకసారి. అదేం జరగలేదు. "నేను కొత్త ఉంగరం ఏసి వచ్చిన. సేటుకు ఏం చెప్పలే. నేను చెప్తే చాడీ అయితది. నీ నోటితోని నువ్వే చెప్పు. ముందు తాడ్వాయికి పో" అన్నాడు. అంతే. ఆ రోజంతా నాకు పని చెప్పలేదు. పానా కావాలంటే తానే లేచి తెచ్చుకున్నాడు.

మర్నాడు తాడ్వాయిలో దిగాను. ఆయన ఇంటి ముందు పందిరి కింద తోలు బొక్కెన కుడుతున్నాడు. నన్ను చూసి దారం తెంపి, బొక్కెన పక్కన పెట్టాడు.

"అన్నా" అన్నాను.

"ఇయ్యాల అన్ననైన్నా?" అన్నాడు. నవ్వలేదు, కోపంగానూ లేదు. "కూసో. నీళ్ళు తాగుతవా? మా ఇంట్ల నీళ్ళు తాగుతవో లేదో మరి."

తాగాను. చెప్పాను. బర్మా ముల్లు విరగడం, ఉలి, మైనం, బొటనవేలు, ఉంగరం, అన్నీ చెప్పాను. ఒక్కటీ పెంచలేదు, తగ్గించలేదు. నా జీవితంలో అట్లా మాట్లాడింది ఆ ఒక్కసారే.

"గీత సంగతి నాకు ఆ దినమే ఎరుక" అన్నాడు. "సీలు అవుతల ఇంత తోక కనబడ్డది దానిది."

"మరి సేటుకు చెప్పకపోతివి?"

"చెప్పిన. నవ్విండు. మిస్త్రీ గోనెలు కట్టి పని చేసిండు, నువ్వెట్ల చూసినవురా అన్నడు."

లోపల్నుంచి ఆయన భార్య, "ఎవరొచ్చిన్రు?" అంది. "కామారెడ్డి మిస్త్రీ" అన్నాడాయన. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"కొలువు పోతే పోయింది" అన్నాడు. "ఈ పని చేతులల్ల ఉన్నది, బతుకుత. గని ఒకటున్నది మిస్త్రీ. ఐతారం ఐతారం ప్రార్థన కాడ ఇంటికో పిడికెడు బియ్యం ఏస్తరు. ఆ బుట్ట నేను పట్టేటోన్ని. పన్నెండేండ్లు పట్టిన. ఎల్లారెడ్డి అంగట్ల మాట ఇని, పెద్దలు నా చేతులకెళ్ళి బుట్ట తీసుకున్నరు. దొంగ అని పేరున్నోడు బియ్యం బుట్ట పట్టొద్దు గద. ఆళ్ళది తప్పు కాదు. నేనైన గట్లనే అంటుంటి."

"నేను సేటుకు చెప్త అన్నా."

"సేటుకు చెప్తే చెప్పు, లేకుంటే లేదు. ఆ కొలువు నాకొద్దు. నువ్వు ఐతారం నాడు మా ప్రార్థన కాడికి వచ్చి, నిలబడి, ఒక్క మాట చెప్పు. నూనె కారింది, ఈయన తియ్యలే అని. అంతకన్న ఏం వద్దు. గీత సంగతి గూడ వద్దు. మిషిన్ల నూనె కారుడు ఎక్కడన్న ఉండేదే గద."

నా పరువు కూడా ఆయనే కాపాడుతున్నాడు. "వస్త" అన్నాను.

"తప్పకుండ?"

"తప్పకుండ వస్త అన్నా."

ఇక్కడినుంచి నేను చెప్పే కథ ఒకటి ఉంది. ఆ ఆదివారం నేను వెళ్ళాను, అందరి ముందూ నిలబడ్డాను, చెప్తుంటే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, పెద్దమనిషి లేచి బుట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు, తర్వాత వాళ్ళింట్లో నాకు కోడికూరతో అన్నం పెట్టారు. ఎంత బాగా చెప్తానంటే, బుట్టకు ఒక పక్క ఈత ఆకు ఊడి ఉందని కూడా చెప్తాను. విన్నవాళ్ళు ఎవరూ కాదనలేదు. కొన్నిసార్లు నాక్కూడా ఆ కోడికూర గుర్తొస్తుంది.

ఆ ఆదివారం తలస్నానం చేశాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. ఉస్తాద్ షెడ్డు ముందు నిలబడి నేను మోటారు ఎక్కేదాకా చూశాడు. దారంతా చెప్పవలసిన మాట నోట్లో అనుకుంటూనే ఉన్నాను. నూనె కారింది, ఈయన తియ్యలేదు. నూనె కారింది, ఈయన తియ్యలేదు. తాడ్వాయి దగ్గరపడేకొద్దీ ఆ మాట వెనక ఇంకో మాట వచ్చింది. నూనె కారితే మరి ఆ రోజు కారలేదని ఎందుకు చెప్పావు? ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేది మా వాళ్ళు కూడా కాదు, ఆ వాడవాళ్ళు. ఆ మాట అట్లాగే నా తలలో ఉంది, అందుకని అట్లాగే రాస్తున్నాను. వాళ్ళ ముందు నిలబడి జవాబు చెప్పడమే నాకు చేతకాలేదు.

మోటారు తాడ్వాయిలో ఆగింది. ఆయన రోడ్డు మీదే ఉన్నాడు. తెల్లటి ధోవతి, నూనె రాసి దువ్విన తల. దిగేవాళ్ళను చూశాడు. తర్వాత కిటికీల వెంట నడుస్తూ ఒక్కొక్క ముఖం చూడసాగాడు. నేను వంగి చెప్పు వారు సరిచేసుకుంటున్నట్టు తల మోకాళ్ళ మధ్య పెట్టాను.

"కామారెడ్డి మిస్త్రీ రాలేదా, మా దిక్కు వచ్చేటోడు?" అని ఆయన క్లీనరును అడగడం వినబడింది.

"నాకేం ఎరుక, ఎక్కిన్రు దిగిన్రు" అన్నాడు క్లీనరు. మోటారు కదిలింది. ఊరు దాటి చాలా దూరం పోయేదాకా నేను తల ఎత్తలేదు.

ఎల్లారెడ్డిలో దిగి, సేటుకు కనబడకుండా అంగడంతా తిరిగాను. తిరుగు మోటారు తాడ్వాయి మీదుగానే పోతుంది కాబట్టి ఆ రోజు ఎక్కలేదు. రెండు రోజులు తెలిసినవాళ్ళింట్లో ఉండి కామారెడ్డికి వచ్చాను. "చెప్పినవా?" అన్నాడు ఉస్తాద్. "చెప్పిన" అన్నాను.

వారం పది రోజులకు ఆ క్లీనరు షెడ్డుకు ఏదో బోల్టు కోసం వచ్చాడు. మాటల్లో, "తాడ్వాయి కాడ ఒక పెద్దమనిషి ఎవరి కోసమో ఆ ఐతారమంత రోడ్డు మీదనే ఉన్నడే. ప్రార్థనకు గూడ పోలే. సాయంత్రం మేము మర్లివచ్చినప్పుడు గూడ ఆడనే ఉన్నడు" అన్నాడు.

"ఎవరి కోసమంట?" అని ఏమీ ఎరగనట్టు అడిగాను.